స్పీడు చూసి మురిసిపోయి మునిగాను: పాత ట్రోలింగ్ మోటారు కొనేవాళ్ళు జాగ్రత్త

అరచేతుల్లో బొబ్బలు ఇంకా ఆరలేదు. ఫోన్ పట్టుకుంటేనే మండుతోంది. అయినా కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను. రేపటికి వాయిదా వేస్తే "పోనీలే, మన ఖర్మ" అనుకుని ఊరుకుంటానని నాకు తెలుసు. అలా ఊరుకునే నాలాంటి వాళ్ళ వల్లే ఆయన వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతోంది.

పేరు పెట్టి చెప్పను. పాత బోట్లు, మోటార్లు కొని అమ్మే ఆయనే. ప్రతి ప్రకటన చివర "నేనూ గాలం వేసేవాడినే, నమ్మి కొనండి" అని రాస్తాడు చూడండి, ఆయన. మీలో సగం మందికి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది.

నాది 12 అడుగుల చిన్న అల్యూమినియం బోటు. ఇద్దరు మనుషులు, ఒక బ్యాటరీ, నాలుగు గాలం కర్రలు పెడితే ఇక కాలు కదపడానికి చోటుండదు. ఉన్న ట్రోలింగ్ మోటారు, అదే బోటుని నెమ్మదిగా నడిపే చిన్న ఎలక్ట్రిక్ మోటారు, చలికాలంలో షెడ్డులోనే చచ్చిపోయింది. సరస్సు మీద మంచు కరిగిపోయింది. నాకేమో కాళ్ళు నిలవట్లేదు.

వసంతంలో ట్రోలింగ్, అంటే కదిలే బోటు వెనక ఎర లాగుతూ చేపలు పట్టడం, చేసేవాళ్ళకి ఈ తొందర ఏమిటో చెప్పక్కర్లేదు. చేయనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నీళ్ళు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి. మంచు కరిగాక పైనీళ్ళు ఆ 4 డిగ్రీలకు చేరేసరికి కిందికి దిగుతాయి, గాలికి సరస్సు మొత్తం ఒకసారి కలగాపులగం అవుతుంది. ఆ తర్వాత ఎండ తగిలే లోతు తక్కువ చోట్లు, ముఖ్యంగా అడుగు నల్లటి బురదగా ఉండే మూలలు ముందు వెచ్చబడతాయి. చిన్న చేపలు అక్కడికి చేరతాయి, వాటి వెనకే పెద్దవి. ఎండాకాలంలో ఎక్కడో అడుగున దాక్కునే ట్రౌట్ చేప కూడా అప్పుడు పైపైనే తిరుగుతుంది. బరువులు అక్కర్లేదు, ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఓ 30, 40 మీటర్ల గాలం లైన్ వదిలి, తేలికపాటి స్పూన్ (చెంచా ఆకారంలో ఉండే లోహపు ఎర) కట్టి, ఒడ్డు వెంబడే నెమ్మదిగా లాక్కుంటూ పోతే చాలు. చిన్న బోటువాడికి ఏడాదిలో దొరికే రాజయోగం ఇదొక్కటే. కొద్ది వారాల్లో పైనీళ్ళు వేడెక్కిపోతాయి, చేప లోతుకి దిగిపోతుంది, మనం మళ్ళీ ఒడ్డున కూర్చుని పెద్ద బోట్లవాళ్ళని చూసి కుళ్ళుకోవాలి.

ఇందులో ఆయువుపట్టు "నెమ్మదిగా" అన్న మాట. చల్లటి నీళ్ళలో చేప ఒళ్ళు బద్ధకంగా ఉంటుంది, ఎరని తరిమి పట్టుకునే ఓపిక దానికుండదు. గంటకు 2, 3 కిలోమీటర్లు, అంటే మనిషి నడిచే వేగం కంటే తక్కువలో పోవాలి. నేను ఈ పాఠం కొత్తవాళ్ళకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మోటారు కొనేటప్పుడు మాత్రం నా పాఠం నాకే గుర్తు రాలేదు.

సరే, ప్రకటన చూశాను. 55 పౌండ్ల థ్రస్ట్ (బోటుని నెట్టే బలం), 12 వోల్టులు, చేత్తో తిప్పే హ్యాండిల్, ముందుకి 5 స్పీడులు. "ఫుల్ పవర్, దూసుకుపోతుంది" అని రాశాడు. ఫోన్ చేశాను. మొదటి మాటలోనే "తమ్ముడూ" అన్నాడు. మరో ఇద్దరు సాయంత్రానికి వస్తామన్నారట, నా గొంతు వినగానే నా మీద అభిమానం పుట్టి నాకోసం ఆపుతున్నాడట. నాకు అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. సంతోషం వచ్చింది.

వెళ్ళేసరికి నీళ్ళ డ్రమ్ములో మోటారు బిగించి సిద్ధంగా ఉంచాడు. ఈ డ్రమ్ము చూసే నేను పడిపోయాను. గాలిలో తిప్పి చూపించేవాళ్ళని నమ్మకూడదని నాకు తెలుసు, లోడు లేకపోతే సగం చచ్చిన మోటారు కూడా గిర్రున తిరుగుతుంది. ఈయన నీళ్ళలో పెట్టి చూపిస్తున్నాడంటే నిజాయితీపరుడే అనుకున్నాను. వైర్లు తగిలించి హ్యాండిల్ ఒక్కసారిగా 5 మీదకి తిప్పాడు. డ్రమ్ములో నీళ్ళు సుడి తిరిగి అంచు దాటి నా బూట్ల మీద పడ్డాయి. "చూశావా తమ్ముడూ బలం!" అన్నాడు. బూట్లు తడిసింది నావి, "అయ్యో, అడ్డంగా నిలబడ్డాను, సారీ అన్నా" అన్నది కూడా నేనే.

నేనూ ఒకసారి తిప్పి చూద్దామని హ్యాండిల్ మీద చెయ్యి వేయబోయాను. ఆయన చెయ్యి అక్కడి నుంచి కదల్లేదు. "బట్టలు తడుస్తాయి, నువ్వు అటు నుంచుని చూడు, నేను చూపిస్తాగా" అన్నాడు. ఆపాడు, మళ్ళీ 5. ఆపాడు, మళ్ళీ 5. మొత్తం మూడుసార్లు. ఆ డ్రమ్ము దగ్గర నిలబడ్డ పది నిమిషాల్లో 1, 2, 3, 4 అనే అంకెలు ఈ భూమ్మీద ఉన్నాయన్న సంగతే నాకు తట్టలేదు. "స్పీడు బాగుంది కదా అన్నా?" అని మాత్రం అడిగాను. ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

డబ్బు ఇచ్చాను, బేరం కూడా ఆడలేదు. అన్న అన్నాక బేరమేమిటి!

మర్నాడు తెల్లారకముందే నేనూ మా బావమరిదీ సరస్సు మీద ఉన్నాం. నీళ్ళ మీద సన్నటి పొగమంచు, గాలి లేదు, దూరంగా చేప ఎగిరిన చప్పుడు. ఇంతకంటే మంచి పొద్దు దొరకదు. తెడ్లతో ఒడ్డు దాటించి, లైన్లు వదిలి, హ్యాండిల్ 1 మీద పెట్టాను. చప్పుడు లేదు. వైరు ఊడిందేమో అని చూశాను, గట్టిగానే ఉంది. 2. లేదు. 3, 4 కూడా లేవు. 5 మీదకి వెళ్ళగానే బోటు ఎగిరి దూకింది, మా బావమరిది ఎరల డబ్బాతో సహా వెనక్కి పడ్డాడు.

ఆ తర్వాత రెండు గంటల పాటు మేం చేసిన విన్యాసాలు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఫోన్‌లో చూస్తే వేగం గంటకు 6 కిలోమీటర్లు దాటుతోంది. ఆ వేగంలో స్పూన్ ఊగదు, బొంగరంలా గిర్రున తిరుగుతుంది. లైన్ మెలికలు పడి టెలిఫోన్ తీగలా చుట్టుకుంది. చేప ఆకారంలో ఉండే ప్లగ్ అనే ఎర కట్టి చూస్తే అది పక్కకి ఒరిగి నీటి మీదకి తేలి పరుగెత్తుతోంది. వేగం తగ్గించడానికి బకెట్టుకి తాడు కట్టి వెనక వదిలాం, మామూలుగా ఇది బాగా పనిచేసే ఉపాయమే. బకెట్టు పిడి ఊడిపోయింది, బకెట్టు సరస్సుకి సమర్పణ. మోటారు ఆన్ చేయడం, ఆపడం, ఆన్ చేయడం, ఆపడం. ఒక్క చేప ముట్టలేదు. పక్క నుంచి ఓ పెద్దాయన తెడ్లు వేసుకుంటూ తాపీగా పోతూ మా కళ్ళ ముందే రెండు ట్రౌట్లు లాగాడు.

ఈ రకం మోటారు ఫుల్ స్పీడులో దాదాపు 50 ఆంపియర్లు తాగుతుంది. నాది 100 ఆంపియర్ అవర్ లెడ్ బ్యాటరీ, సగం దాకా వాడుకోవచ్చు, అంతకంటే పిండితే దాని ప్రాణానికే చేటు. అంటే నికరంగా గంట లోపే. ఆపి ఆపి వాడాం కాబట్టి రెండు గంటలు వచ్చింది. ఎండ ఎక్కాక గాలి లేచింది, సరిగ్గా మాకు ఎదురుగా. మోటారు మూలిగింది, కాలిన వాసన వచ్చింది, ఆగిపోయింది. అక్కడి నుంచి ఒడ్డుదాకా తెడ్లే. నా చేతుల బొబ్బల కథ అది.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. మంచు కరిగిన కొత్తలో ఆ నీళ్ళలో పడితే మొదటి నిమిషం ఊపిరే అందదు. పది నిమిషాల్లో వేళ్ళు పట్టు తప్పుతాయి. ఈతొచ్చినా లాభం ఉండదు. మేం లైఫ్ జాకెట్లు వేసుకున్నాం, తెడ్లు పెట్టుకున్నాం. తెడ్లు వద్దు, బరువు అని ముందు రోజు అన్నది మా బావమరిది, పెట్టుకుందాం అన్నది మా చెల్లెలు. ఆ ఇంట్లో బుర్ర ఎవరికుందో ఇప్పుడు తేలిపోయింది.

ఒడ్డుకి రాగానే ఫోన్ చేశాను. ఇంకా "అన్నా" అనే మొదలుపెట్టాను, అలవాటు. "అన్నా, మోటారు 5లో తప్ప తిరగట్లేదు" అన్నాను.

రెండు క్షణాలు మౌనం. తర్వాత ఎంత ప్రశాంతంగా అన్నాడంటే: "స్పీడు బాగుందా అని అడిగారు. బాగుంది, చూపించాను. స్లో గురించి మీరు అడగలేదు కదండీ."

అండీ! నిన్న సాయంత్రం దాకా తమ్ముణ్ణి, డబ్బు చేతులు మారిన తెల్లారికి అండీ అయిపోయాను. "ట్రోలింగ్ మోటారు అన్నా అది, స్లో కోసమే కదా కొనేది" అన్నాను. "అది మీరు చూసుకోవాలి. నేనేమైనా అబద్ధం చెప్పానా? ఒక్క మాట చెప్పండి" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే నిజంగానే చెప్పలేదు! బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కో మాటా ఏరి వాడాడు. "ఫుల్ పవర్" అన్నాడు, ఉంది. "దూసుకుపోతుంది" అన్నాడు, పోతోంది. ఆపడం, నెమ్మదించడం గురించి ఎక్కడా హామీ ఇవ్వలేదు మహానుభావుడు. చివర్లో "చేపలు పడకపోతే అందరూ మోటారునే అంటారండీ" అని నవ్వి పెట్టేశాడు. ఆ నవ్వు ఇంకా చెవిలో ఉంది.

అప్పటికీ నాలో ఒక పిచ్చి ఆశ. పాపం ఆయనకీ తెలియదేమో, ఆయనకీ ఎవరో అంటగట్టి ఉంటారేమో అనుకున్నాను. రాత్రి విప్పి చూశాను. ఆ ఆశ కూడా పోయింది.

ప్రొపెల్లర్ నట్టు తీసి, పిన్ను లాగి, రెక్కలు బయటికి తీస్తే షాఫ్ట్ చుట్టూ నల్లటి ఉంగరం. గోరుతో గీకితే పొరలు పొరలుగా ఊడింది, గాలం లైన్. ఎన్నాళ్ళ నుంచి చుట్టుకుని ఉందో, వేడికి కరిగి గట్టిపడిపోయింది. ఆ లైన్ సీలుని కోసేసింది. సీలు తెగితే నీళ్ళు లోపలికి పోతాయి, ఇందులో వింతేమీ లేదు, మనందరి మోటార్లకీ వచ్చే జబ్బే. పొడుగు బోల్టులు విప్పి, నీళ్ళలో మునిగి ఉండే మోటారు గొట్టం తెరిస్తే తుప్పు నీళ్ళు టేబుల్ మీద పారాయి, బ్రష్షుల పొడి కలిసి నల్లటి బురద. ఈ మోటారులో వేగం తగ్గించే కాయిల్స్ కింద గొట్టంలోనే ఉంటాయి. అవి తుప్పు పట్టి, పచ్చబడి, ముట్టుకుంటే విరిగాయి. 5 మీద కరెంటు ఆ కాయిల్స్‌తో పని లేకుండా నేరుగా పోతుంది కాబట్టి అదొక్కటీ బతికింది.

ఇదంతా సరే. గొట్టం అతుకు దగ్గర సిలికాన్ పూసి ఉంది. కంపెనీవాళ్ళు పూసింది కాదు, చేత్తో మెత్తింది, వేలిముద్ర కూడా కనిపిస్తోంది. నొక్కితే ఇంకా మెత్తగా ఉంది, వాసన కూడా పోలేదు. అంటే నేను వెళ్ళడానికి కొద్దిరోజుల ముందే ఆయన దీన్ని విప్పాడు. ఆ తుప్పు చూశాడు, ఆ విరిగిన కాయిల్స్ చూశాడు, మళ్ళీ మూసి, అతికి, పైన గుడ్డతో తుడిచి, డ్రమ్ములో నీళ్ళు నింపి నాకోసం ఎదురుచూశాడు. "తమ్ముడూ" అన్నది దీని తర్వాత. నాకు మండింది అక్కడ. డబ్బు పోయినా ఇంత బాధ ఉండేది కాదు.

ఫోటో తీసి పంపాను, సిలికాన్ మీద వేలిముద్ర కనిపించేలా. బొటనవేలు ఎత్తిన బొమ్మ ఒకటి వచ్చింది. దానికి జవాబు రాస్తుండగానే నన్ను బ్లాక్ చేశాడు. వేలిముద్ర పంపితే వేలు పంపాడు, లెక్క సరిపోయింది.

నా తప్పు లేదని అనను. పదేళ్ళుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, పసిపిల్లాడిలా నీళ్ళు చిమ్మడం చూసి చప్పట్లు కొట్టాను. సీజన్ పోతుందన్న కంగారు కళ్ళు కప్పేసింది.

కొనేవాళ్ళకి చెప్పేది ఇంతే: నీళ్ళలో పెట్టించి, ప్రతి స్పీడూ మీ చేత్తో మీరే తిప్పండి, 1 నుంచి మొదలుపెట్టి. చెయ్యి వేయనివ్వకపోతే వచ్చేయండి. ప్రొపెల్లర్ ఊడదీయడం రెండు నిమిషాల పని, వెనక లైన్ చుట్టుకుందేమో చూడండి. అతుకుల దగ్గర కొత్త జిగురు కనిపిస్తే ఎందుకు విప్పావని అడగండి. తెడ్లు మాత్రం కొత్త మోటారైనా సరే పెట్టుకోండి.

అన్నట్టు ఈ పొద్దున మా బావమరిది ఫోన్‌లోంచి చూస్తే ఆయన కొత్త ప్రకటన పెట్టాడు. ఈసారి ఫిష్ ఫైండర్. "స్క్రీన్ బ్రహ్మాండంగా వెలుగుతుంది" అని రాశాడు. చేపలు కనిపిస్తాయని ఎక్కడా రాయలేదు.