బైక్ ఇంజిన్‌ల సింథటిక్ ఆయిల్ పోయాలా, మామూలు ఆయిలే చాలా?

నల్గొండల ఎండలు మొదలైతే చాలు అందరూ ఇదే అడుగుతరు. మామూలుదంటే ముడి చమురు నుంచి శుద్ధి చేసింది, సింథటిక్ అంటే ఫ్యాక్టరీల ప్రత్యేకంగా తయారు చేసింది. నేను రెండూ వాడిన, అందుకే చెప్తున్న.

ఖర్చు: మామూలుది లీటరు సుమారు 400, ఫుల్ సింథటిక్ దాదాపు డబుల్.
మార్చుడు: మామూలుది 3000 కిలోమీటర్లకే, సింథటిక్ అయితే ఇంకా ఎక్కువ నడుస్తది, కానీ కంపెనీ మాన్యువల్ల ఉన్న లెక్క దాటొద్దు.
ఎండ: మే నెలల మిర్యాలగూడ రోడ్డు మీద ఇద్దరు కూసొని గంట నడిపితే ఇంజిన్ కాలిపోతుంటది, ఆ వేడికి మామూలు ఆయిల్ తొందరగా పలచబడ్తది, సింథటిక్ తట్టుకుంటది.

ఒకసారి సింథటిక్ పోస్తే మళ్ళా వెనక్కి రావొద్దు అంటరు, అది ఒట్టి మాట. గ్రేడ్ (ఆయిల్ చిక్కదనం లెక్క) ఒక్కటే ఉంటే ఎప్పుడైనా మారొచ్చు. మాన్యువల్ల 10డబ్ల్యూ-30 అని రాసుంటే అదే తీసుకోండ్రి, డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (గేర్ బైకుల క్లచ్‌కు పనికొస్తదని చెప్పే గుర్తు) ఉందా చూడుండ్రి, కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు. నేనొకసారి చూడకుండా కారుది పోయించిన, గేర్ల ఉన్నా ఇంజిన్ అరుస్తది గని బండి ముందుకు గుంజలే, మళ్ళా మొత్తం తీపిచ్చి కొత్తది పోయించిన.

పాత బండికి ఇంజిన్ల ఆయిల్ ఆపే రబ్బరు సీళ్ళు ఎండిపోయి ఉంటే సింథటిక్ పోసినంక ఆయిల్ కారుడు ఎక్కువైతదేమో, ముందు ఇంజిన్ కింద తడి ఉందా చూసుకోండ్రి.

ఊర్లె పొలం దాకా పోయొచ్చే పాత బండికి మామూలుదే, టైముకు మారిస్తే చాలు. రోజూ హైదరాబాద్ హైవే ఎక్కే కొత్త బండికి మాత్రం సింథటికే పోయండ్రి.