పేజీలు ఊడిన వాచ్‌మెన్: ద్వారకానగర్ సెకండ్ హ్యాండ్ షాపు, 5కి 3.5

షాపు పేరు రాయట్లేదు, కింద కొంచెం తిట్టబోతున్నాను కాబట్టి. వైజాగ్ ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ల మధ్య సందులో, మేడ మీద ఉంటుంది. మెట్ల నిండా పాత ఇంటర్ గైడ్లే, పక్కకి తిరిగి ఎక్కాలి. పైకెళ్తే మాత్రం ఒక గోడంతా కామిక్సే!

పోయిన నెల అక్కడ 'వాచ్‌మెన్' అనే సూపర్‌హీరో కామిక్ తీసుకున్నాను. 550 చెప్పాడు, బేరమాడితే 400కి దిగాడు. 1986-87లో అలన్ మూర్ రాసి, డేవ్ గిబ్బన్స్ బొమ్మలేసిన 12 సంచికలూ కలిపిన పుస్తకం. 2009లో జాక్ స్నైడర్ దీన్నే పెట్టి తీసిన సినిమా ఎప్పుడో చూసేశాను. రెండు రాత్రులు కూర్చుని చదివి, 11వ భాగం అయ్యాక ఆత్రంగా పేజీ తిప్పితే 12వ భాగం మొదట్లో మూడు కాగితాలు లేవు. జిగురు ఎండిపోయి ఎప్పుడో ఊడిపోయినట్టున్నాయి. సరిగ్గా అక్కడే కదండీ అసలు గొడవంతా! పుస్తకంలో న్యూయార్క్ మీద పడేది ఆక్టోపస్ లాంటి పెద్ద జీవి, సినిమాలో దాన్ని తీసేసి ఆ విధ్వంసం నేరం డాక్టర్ మన్‌హట్టన్ అనే సూపర్‌హీరో మీదకి తోసేశారు. ఫ్యాన్స్ ఇన్నేళ్లుగా కొట్టుకుంటున్న పేజీలే నా కాపీలో లేవు.

పట్టుకెళ్లి చూపిస్తే "చూసుకుని కొనుక్కోవాలి కదా బాబూ" అన్నాడు ఓనరు. ఒళ్లు మండింది. "పేజీలు లెక్కపెట్టుకుని కొంటారా అంకుల్ ఎవరైనా?" అన్నాను. పక్కన పాత కస్టమర్ ఒకాయన "పోనీలే గురూ, ఆ పేజీలు లేకపోతే సినిమా ఎండింగే కరెక్టనుకోవచ్చు" అని నవ్వాడు. అంతే, గంటసేపు అక్కడే నిలబడిపోయాం.

ఆయన అనేదేంటంటే, రాసినాయనే టైటిల్స్‌లో తన పేరు వద్దన్నాడు, తన వాటా డబ్బు కూడా గిబ్బన్స్‌కే ఇచ్చెయ్యమన్నాడు, ఇంక ఆ సినిమా గురించి మాట్లాడేదేముంది అని. నిజమే, కానీ ఆ గిబ్బన్సే సినిమా వాళ్లకి దగ్గరుండి సాయం చేశాడు. పుస్తకాన్ని కన్నవాళ్లిద్దరూ చెరో పక్క ఉంటే, మధ్యలో ఫ్యాన్స్ ఎవరి మాట పట్టుకుని కొట్టుకోవాలి? వ్యాసుడి భారతంలో శశిరేఖ లేనే లేదు, అయినా 'మాయాబజార్' చూస్తూ మన ఇళ్లలో ఎవరైనా ఆ మాట ఎత్తారా?

నా కంప్లయింటు అసలు ఆక్టోపస్ గురించి కాదు. పుస్తకంలో నైట్ ఔల్ అనే హీరోకి పొట్ట ఉంటుంది, వయసు మీదపడి పాత సూట్ చూసుకుని దిగులుపడే మామూలు మనిషి. సినిమాలో ఫైట్లన్నీ స్లోమోషన్‌లో, ఎముక విరిగినా విజిల్ వెయ్యాలనిపించేలా తీశారు. బొమ్మలు అచ్చు గుద్దినట్టు దించారు గానీ ఆ దిగులు దిగలేదు. ఎండింగ్ మార్చినందుకు కోప్పడేవాళ్లు దీని గురించి పెద్దగా మాట్లాడరు, అదే నాకు ఆశ్చర్యం.

ఇంతకీ షాపు సంగతి. గోడ మీద ఇంకో కాపీ ఉంది, కానీ అది ఇవ్వనన్నాడు. మా వాదన వింటూ మధ్యలో టీ తెప్పించాడు, తర్వాత కుర్రాణ్ణి పంపి ఆ కాపీలోంచి మూడు కాగితాలూ రెండు వైపులా కలర్ జిరాక్స్ తీయించాడు. అవి ఇప్పుడు నా పుస్తకంలో మడతపెట్టి ఉన్నాయి. టీ ఫ్రీ. జిరాక్స్ డబ్బులు మాత్రం నా దగ్గరే తీసుకున్నాడు, ఒకటిన్నర స్టార్ కోసింది అందుకే.