పలమనేరు మట్టితో చేసిన మూడంతస్తుల ఎరువు కుండ: ఒక సమీక్ష

చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్ళే దారిలో, పలమనేరు పరిసరాల్లో, మట్టి గుర్రాలు, ఏనుగులు, పూలకుండీలు, కూజాలు వరుసగా పేర్చి అమ్మే దుకాణాలను ఈ జిల్లావాళ్ళు చూడకుండా ఉండరు. గంటావూరు కుమ్మరుల చేతిపనికి రాష్ట్రం బయట కూడా పేరుంది. అలంకార వస్తువులే ఎక్కువగా అమ్ముడుపోయే అటువంటి దుకాణం ఒకదానిలో కొలతలు చెప్పి చేయించుకున్న మూడంతస్తుల ఎరువు కుండ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. వంటింటి తడి చెత్తను ఇంటి దగ్గరే ఎరువుగా మార్చుకోవాలనుకునే కుటుంబాలకు దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. చెత్తను ఒకచోట పడేసి మూతపెట్టి మరచిపోదామనుకునేవాళ్ళకు మాత్రం ఇది సరిపడదు, ఎందుకంటే ఈ కుండ రోజూ పది నిమిషాలు మన చేతినీ చెవినీ అడుగుతుంది.

నిర్మాణం సులువైనదే. ఒకదానిమీద ఒకటి కూర్చునే మూడు మట్టి తొట్లు, పైన ఒక మూత. పై రెండు తొట్లకు మట్టి అడుగు ఉండదు. అంచు చుట్టూ చేసిన బెజ్జాల గుండా కొబ్బరి తాడును జల్లెడలా అల్లి, దానిమీద పాత వార్తాపత్రిక పరుస్తారు. కింది తొట్టికి గట్టి అడుగు ఉంటుంది. మూడింటి పక్కలకూ గాలి ఆడడానికి రంధ్రాలు ఉంటాయి. రోజువారీ చెత్తను పై తొట్టిలో వేస్తాము. అది నిండగానే మధ్యకు దించి, ఖాళీగా ఉన్న మధ్య తొట్టిని పైకి ఎక్కిస్తాము. రెండోది కూడా నిండేసరికి మొదటిదానిలోని సరుకు సగానికి పైగా కుంగి, నల్లబడి ఉంటుంది కనుక దాన్ని కింది తొట్టిలోకి దిమ్మరించి, ఖాళీ అయినదాన్ని మళ్ళీ పైకి పెడతాము. బెంగళూరు ఇళ్ళలో ఈ తరహా కుండలు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. మన దగ్గరి కుమ్మరికి నమూనా చూపించి చేయించుకుంటే రవాణా ఖర్చు తగ్గుతుంది, పగిలిన తొట్టి ఒక్కదాన్నే మళ్ళీ చేయించుకునే వీలు కూడా ఉంటుంది.

ప్లాస్టిక్ డబ్బాకు బదులు మట్టిని ఎందుకు కోరుకోవాలో కొంచెం వివరంగా చెప్పాలి. కాల్చిన మట్టికి సన్నని రంధ్రాలు ఉంటాయి, కూజాలో నీళ్ళు చల్లబడేది వాటివల్లే. తడి చెత్తలో ఎక్కువ భాగం నీరే. ఆ నీరు కుండ గోడల గుండా బయటికి వచ్చి ఆవిరైపోతుంది కాబట్టి లోపల ముద్దగా చివకదు, గాలి కూడా కొంత ఆడుతుంది. గాలి తగిలే చెత్తలో పెరిగే సూక్ష్మజీవులు వేరు, గాలి తగలని చోట పెరిగేవి వేరు. మొదటివాటివల్ల వాన తడిసిన నేలలాంటి వాసన వస్తుంది, రెండోవాటివల్ల కుళ్ళిన గుడ్డు కంపు, దానితోపాటు మీథేన్ వాయువు పుడతాయి. మూతబిగించిన ప్లాస్టిక్ డబ్బాలో ఆ రెండోరకం పని జరగడం ఎంత తేలికో, మట్టి కుండలో అంత కష్టం. ఈ గుణం ఉండాలంటే కుండను మరీ గట్టిగా కాల్చకూడదు, అట్లని పచ్చిగానూ ఉండకూడదు. ఆ మధ్యస్థం కుండలు కాల్చే ఆవం దగ్గర నిలబడే మనిషి అనుభవాన్నిబట్టి కుదురుతుంది.

అది కుదిరిందో లేదో తెలుసుకునే పద్ధతే నాకు ఈ వస్తువును ఇష్టమైనదిగా చేసింది. దుకాణంలో ఉన్న పెద్దామె తొట్టిని ఒక చేత్తో ఎత్తిపట్టి, రెండో చేతి వేలి కణుపుతో తట్టి, "మోగల్ల అమ్మా, మోగితేనే తీసుకో" అని చెప్పింది. నెర్రె లేకుండా సరిగ్గా కాలిన కుండ కంగుమంటుంది. పగులున్నదైతే శబ్దం చిట్లినట్లు వస్తుంది, పచ్చిగా మిగిలినదైతే మొద్దుగా వినిపిస్తుంది. ఈ చెవి పరీక్షకూ కర్ణాటక సంగీతంలో వాయించే మట్టికుండ అయిన ఘటానికీ ఉన్న చుట్టరికం తెలిసిందే. తమిళనాడులోని మానామదురైలో ఘటాలు చేసేవాళ్ళు గోడ మందం అంతటా ఒకేలా వచ్చేవరకు మట్టిని కొట్టి కొట్టి సాపు చేస్తారు, అందువల్లనే ఏ చోట తట్టినా శ్రుతి నిలుస్తుంది. ఎరువు కుండకు అంత పనితనం అవసరం లేదు, కానీ గోడ మందం సమంగా ఉన్న తొట్టి ఎండకూ వానకూ ఎక్కువకాలం ఆగుతుంది. నేను తీసుకున్న మూడు తొట్లలో రెండు ఒకే స్థాయిలో మోగాయి, మూడోది కాస్త కిందిగా పలికింది. ఇప్పుడు ఒక పక్క నెర్రె కనిపిస్తున్నది ఆ మూడోదానికే.

ఈ మోత కొనేటప్పుడు మాత్రమే పనికివస్తుందనుకుంటే పొరపాటు. రోజూ వాడే కుండను పక్కన తట్టి వింటే లోపలి తేమ అందాజుగా తెలుస్తుంది. తడి ఎక్కువైన రోజు మట్టి గోడ నీటిని పీల్చుకుని ఉండి శబ్దం మందంగా వస్తుంది. ఆరిపోతున్నకొద్దీ మోత తేటపడుతుంది. చెత్త ఎరువుగా మారడానికి లోపల 50 నుంచి 60 శాతం తేమ ఉండాలంటారు. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలకు మించి కారకూడదన్నది దానికి అందరూ చెప్పే చేతి గుర్తు. చెవి గుర్తు కూడా తోడైతే ప్రతిరోజూ చేయి పెట్టాల్సిన పని ఉండదు.

మా ఇంట్లో కుండ కలిపే సమయమూ పాట వినే సమయమూ ఒకటే. ఉదయం ఆకాశవాణిలో భక్తిరంజని వస్తున్నప్పుడో, లేకపోతే చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై గారి పాత రికార్డింగు ఏదైనా పెట్టుకునో, వెదురు కర్రతో పై తొట్టిని అడుగునుంచి తిరగేస్తాను. పలమనేరు పక్కనే ఉన్న పుంగనూరులో పుట్టి, 1954లో సంగీత కళానిధి బిరుదు పొందిన ఆ విద్వాంసుడి గానం మన జిల్లాలో ఇంకా ఎక్కువగా వినిపించాలని నా కోరిక. ఆయన గురువు కాంచీపురం నాయనా పిళ్ళై కచేరీలకు మృదంగంతోపాటు ఘటం, కంజీర, మోర్సింగు, నోటితో జతులు పలికే కొన్నక్కోలు వంటి పక్కవాద్యాలన్నీ కూర్చునేవి, దాన్ని ఫుల్ బెంచి కచేరీ అనేవారు. అంత లయ ఉన్న సంప్రదాయంలో తయారైన గొంతును వింటూ చేతిపని చేస్తే, ముక్కు మూసుకుని తొందరగా ముగించాల్సిన పనిగా ఉన్న చెత్త సంగతి, రోజులో నేను ఎదురుచూసే పది నిమిషాలుగా మారింది. ఒక ఇంటి వస్తువుకు ఇంతకంటే పెద్ద మెప్పు నాకు తెలియదు.

చెత్తలో ఏమి కలపాలన్న విషయంలో చిత్తూరువాళ్ళు అదృష్టవంతులు. కూరగాయల తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఎండిన ఆకుల్లో కర్బనం ఎక్కువ. కర్బనం సుమారు 30 పాళ్ళకు నత్రజని ఒక పాలు ఉంటే సూక్ష్మజీవులు బాగా పనిచేస్తాయి. పట్టణాల్లో చాలామంది దీనికోసం కొబ్బరి పొట్టు ఇటుకలు కొంటారు. మనకు చెనిక్కాయల పొట్టు ఉండనే ఉంది, దాన్ని కొంచెం నలగ్గొట్టి వేస్తే చాలు. నలగ్గొట్టకపోతే కూరగాయలన్నీ కరిగిపోయాక కూడా పొట్టు పొట్టుగానే మిగులుతుంది. గానుగ దగ్గర దొరికే చెరకు పిప్పి, వేప ఆకులు, ఎండిన మామిడాకులు కూడా బాగుంటాయి. ఒక పిడికెడు తడి చెత్తకు ఒక పిడికెడు పొడి సరుకు చొప్పున పైన కప్పి, వారానికొకసారి పులిసిన మజ్జిగను నీళ్ళలో కలిపి చిలకరిస్తే పని త్వరగా సాగుతుంది. సంగటి మిగిలితే కొద్దిగా వేయవచ్చు. నూనె కూరలు, మాంసం, ఎముకలు మాత్రం వేయవద్దు.

మామిడి కాలం ఈ కుండకు అసలైన పరీక్ష. చిత్తూరు మామిడికి ప్రసిద్ధి కనుక మే నుంచి జులై వరకు ఇళ్ళలో తొక్కలకు లెక్క ఉండదు. మామిడి తొక్కలో చక్కెరా నీరూ రెండూ ఎక్కువే కావడంతో తొట్టి త్వరగా పులిసి, చిన్న పండు ఈగలు గుంపులుగా చేరతాయి. ఆ నెలల్లో పొడి సరుకును రెండింతలు చేయాలి, తొక్కలను ఒక పూట ఎండలో ఆరబెట్టి వేస్తే ఇంకా మంచిది. టెంకలు అసలు వేయకూడదు, అవి ఎన్ని నెలలైనా కరగవు. ఒక్కోసారి లేత గోధుమ రంగులో, బియ్యపు గింజలకంటే లావుగా పురుగులు కనిపించి కొత్తవాళ్ళు భయపడుతుంటారు. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. ఆ ఈగ మన అన్నంమీద వాలేది కాదు, దాని పిల్లలు చెత్తను చాలా వేగంగా తినేస్తాయి. చూడడానికి ఇష్టం లేనివాళ్ళు కొంచెం వేపపిండి చల్లితే చాలు.

ఇక లోపాలు. మూత సరిగ్గా కూర్చోదు. కాలేటప్పుడు కొద్దిగా వంకర తిరిగినట్లుంది, ఒక వైపు వేలు దూరేంత సందు మిగిలింది. పక్క రంధ్రాలు అవసరానికంటే పెద్దవిగా ఉన్నాయి, లోపలి వైపు దోమతెర గుడ్డ అంటించుకోవాల్సి వచ్చింది. కొబ్బరి తాడు అల్లిక అందంగా ఉంటుంది కానీ తడిలో నానుతూ కొన్ని నెలలకే చివికిపోతుంది, నిండిన తొట్టిని ఎత్తేటప్పుడు అది తెగితే మొత్తం కిందపడుతుంది. మొదటే నైలాన్ తాడు అడగడం మేలు. నిండిన తొట్టి బరువు గురించి కూడా ముందే ఆలోచించుకోవాలి, నడుము నొప్పి ఉన్నవాళ్ళు ఒక్కరే మార్చలేరు. కుండ బయటి వైపున తెల్లటి ఉప్పు చారలు వస్తాయి, అవి కేవలం నీటిలోని లవణాలు, తడిగుడ్డతో తుడిస్తే పోతాయి. అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఈశాన్య రుతుపవనాల కాలానిది: అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మనకు కురిసే వానల్లో ఆరుబయట పెడితే కుండ ఆరదు, చూరు కిందికో వరండాలోకో చేర్చాల్సిందే. వీటిలో మూత, రంధ్రాల సంగతి దుకాణంలో చెప్పినప్పుడు వాళ్ళు శ్రద్ధగా విన్నారు, తర్వాత మా పక్కింటివాళ్ళు చేయించుకున్న కుండకు రంధ్రాలు చిన్నవిగానే వచ్చాయి.

ఈ కుండ వచ్చాక మిగతా చెత్త తీరు కూడా మారింది. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తడి, పొడి, ప్రమాదకరమైన ఇంటి చెత్తలను మూడింటినీ విడివిడిగా ఇవ్వాలన్నాయి. ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు చాలా ఇళ్ళలో ఉన్నాయి, అయినా తడి చెత్త కారి మిగతా రెండింటికీ అంటుకోవడమే అందరి సమస్య. ఊరి చెత్తలో సగం దాకా ఉండే ఆ తడి భాగం గడప దాటకుండా ఇంట్లోనే ఆగిపోతే, కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్లూ అట్టపెట్టెలూ శుభ్రంగా మిగులుతాయి. చెత్తబండితో వచ్చే అక్క వాటిని చేత్తో ఏరి పక్కన పెట్టుకోగలుగుతుంది, అవి ఆమెకు అమ్ముడుపోతాయి కూడా. చేతికి తొడుగు కూడా లేకుండా మన చెత్తను ముట్టుకునే మనిషి కష్టం కొంతైనా తగ్గడం, నా దృష్టిలో, ఎరువు దొరకడంకంటే పెద్ద లాభం.

ఎరువు విషయానికొస్తే, మొదటి తొట్టి నింపడం మొదలుపెట్టిన రోజునుంచి రెండు మూడు నెలల్లో కింది తొట్టిలో నల్లటి, పొడిపొడిగా ఉండే సరుకు తయారవుతుంది. జల్లించి, మట్టితో కలిపి కనకాంబరాలకూ కరివేపాకు చెట్టుకూ వేస్తున్నాము. కరివేపాకు కొత్త చివుళ్ళు బాగా వేసింది, పోపులోకి ఇంటి ముందునుంచే తెంపుకుంటున్నాము. నలుగురున్న ఇంటికి ఒక కుండ సరిపోతుంది, మామిడి కాలంలో మాత్రం అదనంగా ఒక తొట్టి ఉంటే నిశ్చింతగా ఉంటుంది.

మొత్తం సెట్టుకు రెండు వేల రూపాయల లోపే అయింది, బేరం ఆడలేదు, ఆడాలని కూడా అనిపించలేదు. చేయించుకోదలచినవాళ్ళు కాలం చూసుకుని వెళ్ళాలి. వినాయక చవితి ముందు బొమ్మల పని, కార్తీకానికి ప్రమిదల పని, ఎండలు ముదిరితే కూజాల పనితో వాళ్ళకు తీరిక ఉండదు. వానల్లో చేసినది త్వరగా ఆరదు, ఆరనిది ఆవంలో పగులుతుంది. సంక్రాంతి దాటిన తర్వాత, మాఘమాసంలో వెళితే ఎండా చాలినంత ఉంటుంది, పనివాళ్ళ చేతికి ఖాళీ కూడా ఉంటుంది. ఇంట్లో కుండ పెట్టే చోటు వెడల్పు కొలుచుకుని వెళ్ళండి, మూతను తొట్టిమీద పెట్టి చుట్టూ తిప్పి చూడండి, మూడు తొట్లనూ విడివిడిగా తట్టి విన్న తర్వాతే డబ్బు ఇవ్వండి.