గనుల సొమ్ము: ఖజానాలో కలపడం, జిల్లాకు ఇవ్వడం, నిధిగా దాచడం – రాష్ట్రానికి ఏది మేలు?

తవ్వి అమ్మిన ఇనుప ఖనిజం మళ్లీ పండదు. అందువల్ల గనుల మీద రాష్ట్రానికి వచ్చే సొమ్మును పన్నుల రాబడితో కలిపి లెక్కించడం పొరపాటని నేను గట్టిగా నమ్ముతున్నాను; అది పొలం మీద వచ్చే ఫలసాయం కాదు, పొలాన్నే అమ్మగా చేతికొచ్చిన డబ్బు.

ఆ డబ్బును ఖజానాలో జమచేసి ఆ ఏటి ఖర్చులకు వాడుకోవడం అన్ని రాష్ట్రాలకూ అలవాటైన దారి. 2020 మార్చి 31తో గడువు తీరే లీజులను ఒడిశా వేలం వేసినప్పుడు కొన్ని గనులకు ప్రీమియం, అంటే వేలం గెలిచినవారు రాష్ట్రానికి ఇస్తామని పాడిన వాటా, ఖనిజం విలువలో 90 శాతానికి మించి పలికింది, గనుల రాబడి ఒక్కసారిగా ఎగసింది. బడులు, ఆసుపత్రులు, రోడ్లు చాలని రాష్ట్రం ఆ సొమ్మును వెంటనే వాడుకోవాలనుకోవడం సహజమే. అయితే 2012లో గోవాలో తవ్వకాలు ఆగిపోయినప్పుడు మాండవి, జువారీ నదుల మీదుగా మార్మగోవా రేవుకు ఖనిజం మోసే బార్జీలకు, గనుల ఊళ్లలో అప్పు చేసి కొన్న లారీలకు పని లేకుండా పోయింది, ఖజానాకూ ఆ రాబడి తెగింది. జీతాలు, పింఛన్లు వంటి ఏటా తప్పని ఖర్చులను ఇలాంటి ఆదాయం మీద నిలబెట్టకూడదు.

రెండో దారి 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ ఫౌండేషన్, అంటే గనుల వల్ల నష్టపోయే ఊళ్ల కోసం జిల్లాలోనే ఉంచే నిధి. దుమ్ము పీల్చేదీ, ఎర్రబారిన వాగు నీళ్లు తాగేదీ, ఎండిన బావిని చూసేదీ గని పక్క ఊరివారే కాబట్టి న్యాయం దృష్ట్యా దీనికి సాటి లేదు. చిక్కంతా పరిమాణంలోనే ఉంది.

వెయ్యి రూపాయల ఇనుప ఖనిజాన్ని ఊహించుకుంటే, 15 శాతం చొప్పున రాయల్టీ, అంటే తవ్విన ఖనిజానికి గని నడిపేవారు రాష్ట్రానికి కట్టే సొమ్ము, 150 రూపాయలు. లీజు 2015 జనవరి 12కు ముందుదైతే రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము, అంటే 45 రూపాయలు, రాయల్టీకి అదనంగా జిల్లాకు అందుతాయి. వేలంలో పొందిన లీజైతే 10 శాతం, అంటే 15 రూపాయలే. వేలం ప్రీమియం ఎంత పలికినా జిల్లా వాటా పెరగదు, ఎందుకంటే ఆ వాటాను రాయల్టీ మీదే లెక్కగడతారు.

మూడోది శాశ్వత నిధి, అంటే అసలును ముట్టకుండా దాచి దాని మీద వచ్చే రాబడినే వాడుకునే నిధి. గోవాలో అమ్మిన ఇనుప ఖనిజం విలువలో 10 శాతాన్ని ఇలాంటి నిధికి జమచేయాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది; మన వెయ్యి రూపాయల్లో అది 100. అమెరికాలోని అలాస్కా 1976లోనే రాజ్యాంగాన్ని సవరించుకుని, ఖనిజ రాయల్టీలలో కనీసం 25 శాతాన్ని అసలు ముట్టకుండా దాస్తోంది. ఆ నిధి రాబడి నుంచి 1982లో తొలిసారి ఒక్కొక్క నివాసికి 1,000 డాలర్లు పంచింది.

నా తూకంలో జిల్లా వాటా ముందు తీయాలి, దాన్ని ప్రీమియానికీ వర్తింపజేయాలి; మిగిలినదానిలో పెద్ద పాలు నిధికి పోవాలి, ఖజానా వంతు చివర రావాలి. ఈ మార్పుకు ఇదే అదను. ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలదేనని 2024 జూలై 25న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 8:1 మెజారిటీతో తీర్పునిచ్చింది. 2005 ఏప్రిల్ 1 నుంచి పేరుకున్న బకాయిలను 2026 ఏప్రిల్ 1 మొదలు 12 ఏళ్లలో వాయిదాలుగా వసూలు చేసుకోవచ్చని ఆ తరువాత స్పష్టం చేసింది. ఆ బకాయిలు ఎప్పుడో తవ్వి అమ్మేసిన ఖనిజానివి. నిధికి తొలి జమ అవే కావాలి.