పాత ట్యూబ్ ఆంప్: ఉన్నదున్నట్టు ఉంచాలా, కొత్తదానిలా చేయించాలా? ఏది మేలు?

అమెరికా నుంచి చుట్టాలెవరో సూట్‌కేసులో పెట్టుకొచ్చిన ఫెండర్ ఛాంప్ లాంటి, ట్యూబుల (వాల్వుల) మీద నడిచే పాత చిన్న గిటార్ ఆంప్లిఫయర్ చేతికొచ్చిందంటే, హైదరాబాద్‌లో ఎవర్ని అడిగినా రెండే సలహాలు. ఏదీ ముట్టుకోకు, పాతదనమే దాని విలువ అని ఒకరు. అన్నీ పీకేసి కొత్తవి వేయించు, పైన రెక్సిన్ కూడా మార్పించు అని ఇంకొకరు. నన్నడిగితే కరెంటు నడిచే చోట మొహమాటం లేకుండా కొత్తవి వెయ్యాలి, చెక్క, గుడ్డ వైపు ఉన్నదాన్నే కాపాడుకోవాలి. స్పీకర్ దగ్గర మాత్రం నిజంగా ఆలోచించాల్సి వస్తుంది.

ముందు కరెంటు సంగతి. అది 110-120 వోల్టులకు చేసిన ఆంప్, మన గోడలో ఉన్నది 230. 230ని 110కి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ విడిగా కొనడమా, లోపలి పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌నే మార్చేయడమా? స్టెప్‌డౌనే మేలు, ఎందుకంటే అసలు ట్రాన్స్‌ఫార్మర్ ఒకసారి తీసేస్తే మళ్లీ అలాంటిది దొరకడం కష్టం. కాకపోతే 60 హెర్ట్జ్‌కు చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద ఇంకాస్త వేడెక్కుతుంది, కాబట్టి గంట వాయించాక చెయ్యి పెట్టి చూడండి, చెయ్యి ఆగనంత కాలుతుంటే అప్పుడు 230కి చుట్టించిన కొత్తది వేసి పాతది దాచుకోండి. చవక స్టెప్‌డౌన్‌లలో చాలావాటిలో గోడ ప్లగ్ నుంచి ఆంప్ దాకా ఎర్త్ రాదు, కొనేముందు మీటర్ పెట్టి చూసుకోవాలి. ఆంప్‌కు పాత రెండు పిన్నుల వైరుంటే అది తీసేసి, మూడు పిన్నులది వేసి, ఎర్త్ వైరును నేరుగా ఛాసిస్‌కు, అంటే లోపలి లోహపు చట్రానికి, బిగించాల్సిందే. కరెంటు లైన్ నుంచి ఛాసిస్‌కు ఒక కెపాసిటర్ కూడా చాలా పాత అమెరికన్ ఆంప్‌లలో ఉంటుంది, అది షార్టయితే గిటార్ తీగల్లోకే కరెంటు వస్తుంది కాబట్టి దాన్నీ పీకేయాలి. ఇక్కడ పాతదనం గురించి వాదన పెట్టుకోకండి, ప్రాణం సంగతి ఇది.

లోపలి డీసీ వోల్టేజిని హమ్ (గుయ్‌మనే మోత) లేకుండా చదును చేసే ఫిల్టర్ కెపాసిటర్లకు కూడా రెండు దారులున్నాయి. డిమ్మర్‌స్టాట్‌తో మెల్లమెల్లగా వోల్టేజి పెంచుతూ పాతవాటినే మళ్లీ పనిలోకి తేవచ్చంటారు. యాభై, అరవై ఏళ్ల ఎలక్ట్రోలైటిక్ (ఈ ఫిల్టర్ కెపాసిటర్ల రకం) మీద ఆ నమ్మకం నాకు లేదు. లోపల ఎండిపోయినవి ఇవాళ హమ్‌తో సరిపెట్టినా, రేపు షార్టయి ట్రాన్స్‌ఫార్మర్‌నూ తీసుకుపోతాయి. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళితే 22 మైక్రోఫారడ్, 450 వోల్టులవి దొరుకుతాయి, ఖర్చు వందల్లోనే. ట్వీడ్ గుడ్డ చుట్టిన పాత ఛాంప్ మోడల్ 5ఎఫ్1 సర్క్యూట్‌లో ఫిల్టర్లు 16, 8, 8 మైక్రోఫారడ్లు. 16 ఉన్నచోట 22 వేస్తే ఏం కాదు, ఎక్కువైతే మంచిదేగా అని 100 వేస్తే మాత్రం ఏసీని డీసీగా మార్చే 5వై3 రెక్టిఫయర్ వాల్వు మీద భారం పడుతుంది. తీసిన పాతవి పారేయకండి, చిన్న కవర్లో వేసి క్యాబినెట్ లోపల అంటించండి, రేపు అమ్మాలన్నా అవే సాక్ష్యం.

అలాగని ప్రతి పార్టూ మార్చేయాలని కాదు. రెసిస్టర్లను కొలిచి, విలువ బాగా పెరిగినవీ, చిటపటలాడేవీ మాత్రమే మార్చండి. ముందు వాల్వు 12ఏఎక్స్7 నుంచి స్పీకర్‌ను నడిపే పవర్ వాల్వు 6వి6కి సిగ్నల్ తీసుకెళ్లే 0.02 మైక్రోఫారడ్ కెపాసిటర్ సంగతి తేల్చాలంటే, ఆంప్ ఆన్‌లో ఉండగా 6వి6 ఐదో పిన్ దగ్గర డీసీ కొలవాలి. సున్నా దగ్గరుంటే దాన్ని కదపకండి. ప్లస్ వోల్టేజి కనిపిస్తే అనుమానం ముందు ఆ కెపాసిటర్ మీదే, ఎందుకంటే లీకయిన డీసీ 6వి6 చేత అదుపు లేకుండా కరెంటు లాగించి ప్లేటు ఎర్రబడేదాకా తెస్తుంది. లోపల 300 వోల్టుల పైచిలుకు ఉంటుందని మర్చిపోవద్దు. ప్లగ్ తీసినా కెపాసిటర్లలో అది నిలిచే ఉండొచ్చు, 10కె, 5 వాట్ల రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. హై వోల్టేజి సర్క్యూట్ల మీద ఎప్పుడూ పనిచేయకపోతే వాల్వు రేడియోలు బాగుచేసిన పెద్దాయన ఎవరైనా దొరుకుతారేమో వెతకండి, ఈ సర్క్యూట్ ఆయనకు కొత్తేం కాదు. వాల్వులు పనిచేస్తుంటే వాటినే ఉంచండి, ముఖ్యంగా 5వై3. ఇప్పుడొచ్చే కొన్ని 5వై3లు పాతవాటికన్నా ఎక్కువ వోల్టేజి ఇస్తాయి.

స్పీకర్ దగ్గరకొస్తే, కోన్ చిరిగింది కదా అని వెంటనే మార్పించేస్తారు చాలామంది. మన దగ్గర స్పీకర్ రిపేరు షాపుల్లో దొరికేవి ఎక్కువగా పీఏ బాక్సుల (సభల్లో పెట్టే పెద్ద స్పీకర్ల) కోన్లు, మందంగా, బరువుగా ఉంటాయి. గిటార్ స్పీకర్ కోన్ పల్చటి కాగితం, ఐదు వాట్లకే నోరు తెరుచుకుని పాడేది ఆ తేలికదనం వల్లే. బరువు కోన్ వేయించారో, ఛాంప్ గొంతు మూగబోతుంది. కాబట్టి చిన్న చిరుగులైతే పల్చటి టిష్యూ కాగితాన్ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో రెండువైపులా అంటించి ఆరనివ్వండి, బాగానే పనిచేస్తుంది. కోన్‌ను రెండు చేతుల వేళ్లతో సమంగా మెల్లగా లోపలికి నొక్కి చూడండి, గరగర వినిపిస్తే కాయిల్ రాసుకుంటున్నట్టు. అప్పుడు అదే ఓమ్స్ ఉన్న కొత్త ఎనిమిది అంగుళాల గిటార్ స్పీకర్ తెప్పించుకోండి, పాతది భద్రంగా దాచండి. కోఠీ కోన్ కన్నా అదే నయం.

క్యాబినెట్ విషయంలో నా పక్షపాతం దాచను. అతుకులు వదిలిన పెట్టె మాత్రమే బాగు చేయాలి, గీతలు పడ్డ పెట్టె కాదు. జంతువుల తోలుతో చేసే పాతకాలపు జిగురుతో (హైడ్ గ్లూ) అతికిన పెట్టెలైతే వేడినీళ్ల గుడ్డతో ఆ జిగురు కరుగుతుంది, మళ్లీ అదే జిగురుతో అతుక్కుంటుంది. అక్కడ ఫెవికాల్ పోశారంటే తర్వాత వచ్చేవాడు ఆ అతుకును శుభ్రంగా విప్పలేడు. లేచిన రెక్సిన్ అంచులను రబ్బర్ సొల్యూషన్‌తో అంటించి వదిలేయండి. ఆటో సీట్ల షాపులో కొత్త రెక్సిన్ వేయిస్తే మెరుస్తుంది నిజమే, కానీ అది ఈ ఆంప్ చర్మం కాదు. పాత గుడ్డ పీకేస్తే మళ్లీ వెనక్కి రాదు.

చెద పట్టి అడుగు రాలిపోతుంటేనో, వెనకటి ఓనరు స్పీకర్ బోర్డుకు పెద్ద కన్నం కోసేసి ఉంటేనో మాత్రం కొత్త పెట్టె చేయించడమే న్యాయం. అప్పుడు ప్లైవుడ్డో ఎండీఎఫ్ఫో కాకుండా పైన్ చెక్క అడగండి, విదేశీ ప్యాకింగ్ పెట్టెల చెక్క కూడా చాలాసార్లు పైనే. బాగా ఆరినది చూసి తీసుకోవాలి, వానాకాలంలో తడి మీద కోసిన పలక మన మే నెల ఎండకు వంకర తిరుగుతుంది. కొలతలు పాత పెట్టె నుంచే తీసి, మందం కూడా అంతే పెట్టించి, మూలలు ఫింగర్ జాయింట్‌తో (వేళ్లు కలిపినట్టు పళ్లు కోసి జోడించే అతుకు) వేయమని వడ్రంగికి ముందే చెప్పండి, ఎందుకంటే చెప్పకపోతే మేకులు కొట్టేస్తాడు.