నేలపట్టుకా, కోరింగకా?

శీతాకాలం సెలవుల్లో పిల్లలకు పక్షుల్ని చూపించాలనుకునే ప్రతి ఇంట్లో వచ్చే ప్రశ్నే ఇది. నేలపట్టు తిరుపతి జిల్లాలోని పక్షుల అభయారణ్యం, కోరింగ కాకినాడ దగ్గరి మడ అడవుల అభయారణ్యం.

విస్తీర్ణం: నేలపట్టు 4.59 చదరపు కిలోమీటర్లే. కోరింగ 235కు పైగా.

ఏం కనిపిస్తాయి: నేలపట్టులో గూడబాతులు. చెరువు నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కడతాయి, చేపల కోసం పులికాట్ సరస్సు దాకా ఎగిరి వెళ్తాయి. తల్లి రాగానే పిల్ల దాని గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చేసి తింటుంది. బైనాక్యులర్స్‌లో అది చూసిన పిల్లలు అక్కడి నుంచి కదలరు. కోరింగ మడ అడవిలో వలస పక్షులతో పాటు నీటికుక్కలు, నక్కలు, చేపలు పట్టే బావురుపిల్లి ఉంటాయి. పిల్లి రాత్రిపూట తిరిగేది, కనిపిస్తుందని ఆశపెట్టుకోవద్దు. పోటు తగ్గాక బురదలో అడుగుజాడలు వెతకండి, అదీ బాగుంటుంది.

ఖర్చు: రెండూ భారం కావు. కోరింగలో పడవెక్కితే అదనం.

శ్రమ: నేలపట్టు దొరవారిసత్రం దగ్గర, హైవేకి పక్కనే. కోరింగకి కాకినాడ నుంచి గంటలోపే. అక్కడ మడ అడవిలోని చెక్క వంతెన మీద పెద్దవాళ్లూ నడవగలరు.

రిస్క్: వానలు పడకపోతే నేలపట్టు చెరువు ఎండుతుంది, పక్షులు తగ్గిపోతాయి. వెళ్లేముందు నీళ్లున్నాయో లేదో కనుక్కోండి. కోరింగలో పడవ ఆటుపోట్లను బట్టే.

చెన్నై, తిరుపతి వైపు వాళ్లు, గూళ్లూ పక్షిపిల్లలూ దగ్గరగా చూడాలనుకునేవాళ్లు డిసెంబరు, జనవరిలో నేలపట్టుకే వెళ్లండి. గోదావరి జిల్లాల వాళ్లకు, వానలు సరిగా పడని ఏడాది ఎవరికైనా, కోరింగే మేలు.