రెండు డిస్కుల రెయిడ్ 1 పెట్టాలా, మూడు డిస్కుల రెయిడ్ 5 పెట్టాలా?

లినక్స్ డెస్క్‌టాప్‌లో ఎండీఏడీఎం (mdadm) అనే టూల్‌తో రెయిడ్, అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే ఏర్పాటు, పెట్టుకునేటప్పుడు ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే. రెయిడ్ 1లో రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉంటుంది. రెయిడ్ 5లో డేటాతో పాటు పారిటీ, అంటే పోయిన డిస్కులోని డేటాను తిరిగి లెక్కగట్టడానికి కావాల్సిన సమాచారం, మూడింటిలోనూ పరుచుకుని ఉంటుంది. అన్నీ 4 టీబీ డిస్కులే అనుకుందాం.

ఖర్చు: రెయిడ్ 1లో రెండు కొంటే చేతికొచ్చేది 4 టీబీ. రెయిడ్ 5లో మూడు కొంటే 8 టీబీ. టీబీ లెక్కన రెయిడ్ 5 చవక.

వేగం: పెద్ద వీడియో ఫైళ్లకు రెయిడ్ 5 బాగుంటుంది. చిన్న చిన్న రాతలకు మాత్రం పాత పారిటీ కూడా చదివి, మళ్లీ లెక్కగట్టి రాయాలి. డేటాబేస్ నడిపేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

రిస్క్: రెండింటిలోనూ ఒక డిస్కు పోతే డేటా నిలుస్తుంది. అసలు టెన్షన్ ఆ తర్వాతే. కొత్త డిస్కు పెట్టాక సెకనుకు 150 ఎంబీ చొప్పున నడిచినా 4 టీబీ నిండటానికి ఏడు గంటలు దాటుతుంది. రెయిడ్ 1కి అప్పుడు ఒక్క డిస్కు చదివితే చాలు. రెయిడ్ 5కి మిగిలిన రెండూ మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండా చదవాలి. ఆ సమయంలో రెయిడ్ స్థితి చూపే ఎండీస్టాట్ (/proc/mdstat) ఫైలు తెరిస్తే, బాగున్న డిస్కులకు ‘యూ’ అక్షరం, పోయిన దాని చోట చిన్న అడ్డగీత కనిపిస్తాయి. ఆ గీత మళ్లీ ‘యూ’ అయ్యేదాకా ఇంకో డిస్కు పోకూడదు.

శ్రమ: తయారు చేయడానికి రెండింటికీ ఒకే కమాండ్. కానీ మెషీన్ పాడైతే రెయిడ్ 1లోని ఒక్క డిస్కును వేరే లినక్స్‌కి తగిలించి ఫైళ్లు తీసుకోవచ్చు. రెయిడ్ 5కి కనీసం రెండు కావాలి.

పొరపాటున డిలీట్ చేస్తే రెండూ కాపాడవు, బ్యాకప్ విడిగా ఉండాల్సిందే.

ఇంట్లో ఫొటోలు, ఆఫీసు పని, కోడ్ అయితే రెయిడ్ 1. వీడియో ఎడిటింగ్‌కి చోటు చాలక, బయట బ్యాకప్ కూడా ఉంటే రెయిడ్ 5.